సుద్ద గీత మందం

నా కోసం కుర్చీ కొన్నారని తెలిసిన రోజున అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

మంచి కుర్చీయే. నడుముకు దిండు, చేతులు ఆన్చుకోవడానికి పిడులు, కింద చక్రాలు. తెచ్చి దారాల బల్ల దగ్గర వేశారు. మా కుట్టు కార్ఖానాలో దారాల బల్ల కిటికీ పక్కన ఉంటుంది. కుట్టడం అయిపోయిన బట్టలకు వేలాడే దారప్పోగుల్ని అక్కడ కత్తిరిస్తారు. మోకాళ్ళు పనిచెయ్యని వాళ్ళనూ, పొమ్మనడానికి మొహమాటపడేంత పాతవాళ్ళనూ అక్కడ కూర్చోబెడతారు. నేను ముప్ఫయ్యెనిమిదేళ్ళుగా కటింగు బల్ల తలాపున నిలబడి పనిచేసినదాన్ని. నిలబడి! కుర్చీ నాకెందుకు?

నన్నందరూ మాస్టరమ్మ అంటారు. మా యజమానురాలు మాత్రం పిన్నీ అంటుంది. వాళ్ళ నాన్న ఈ కార్ఖానా నడిపే రోజుల్లో ఈ పిల్ల కటింగు బల్ల కింద పేలికలతో ఇల్లు కట్టుకుని ఆడుకునేది. ఎన్నిసార్లు దాని చెయ్యి తొక్కానో లెక్కలేదు. ఇప్పుడు ఆ పిల్లకే కళ్ళజోడొచ్చింది, కార్ఖానా తాళాలు దాని చేతిలో ఉన్నాయి.

"పిన్నీ, కోప్పడకు. హాయిగా కూర్చుని చేసుకునే పని," అంది.

"నేనెప్పుడైనా నిలబడలేనని చెప్పానా?"

"అది కాదు. నర్సుల కోట్ల ఆర్డరు ఇక కంప్యూటరు మీదే చెయ్యాలి. ఆస్పత్రివాళ్ళు సైజులన్నీ అందులోనే అడుగుతున్నారు. అట్టలన్నీ బయట ఆఫీసుకు పంపిస్తే వాళ్ళే ఎక్కించి ఇస్తారట. నువ్వెందుకు కష్టపడడం?"

అట్టలంటే నా అట్టలు, గుడ్డ కొయ్యడానికి కత్తిరించుకున్న నమూనాలు. గోడకు కొట్టిన మేకులకు వరసగా వేలాడుతుంటాయి, రెండొందల పన్నెండు. చొక్కా వీపు, చొక్కా ముందుభాగం, చెయ్యి, కాలరు, జేబు, ఒక్కో సైజుకూ ఒక్కో కట్ట. ఒక్కోదానికి పైన చిల్లు, చిల్లులో తాడు, తాడుకు నా చేతిరాత చీటీ. చీకట్లో తడిమి ఇది ఏ కోటు చెయ్యో చెప్పగలను. వాటిని ఎవడో ముక్కూ మొహం తెలియనివాడికి పంపిస్తుందట!

"ఎవరూ ఎక్కించక్కర్లేదు. నేనెక్కిస్తాను," అన్నాను.

నోరు జారానని ఆ క్షణంలోనే తెలిసింది. కంప్యూటరు అంటే నాకు బ్యాంకులో గాజు అద్దం వెనక ఉండేదని తప్ప ఇంకేమీ తెలియదు. కానీ అన్న మాట అన్నదే.

యజమానురాలు "సరే పిన్నీ. నర్సు కోటు ఒక్కటి చెయ్యి. శాంపిలు ఆస్పత్రివాళ్ళకి నచ్చితే కటింగు బల్లా కంప్యూటరూ రెండూ నీవే. నచ్చకపోతే మాత్రం మారుమాట్లాడకుండా ఆ కుర్చీలో కూర్చోవాలి," అంది.

"కూర్చుంటాను," అన్నాను.

నేర్పడానికి ఒకాయన వచ్చాడు. యాభై దాటిన మనిషి, గొంతు పెంచడం తెలియనివాడు. కళ్ళజోడు తాడుకు కట్టి మెడలో వేలాడేసుకునేవాడు. నన్ను అమ్మగారూ అని పిలిచేవాడు. ఆయన నేర్పిన పని చెప్పడానికి తేలికే. పెద్ద పలకలాంటి బల్ల ఉంటుంది. దాని మీద అట్టను అతికించి, మౌసులాంటి దాన్ని అట్ట అంచు వెంబడే జరుపుతూ మలుపు మలుపుకీ నొక్కుతూ పోవాలి. తెర మీద అదే ఆకారం గీతగా లేస్తుంది. ఆ గీతల్ని పెద్ద ప్రింటరు కాగితం మీద గీసిస్తుంది. ఆ కాగితాన్ని గుడ్డ దొంతర మీద పరిచి కోసెయ్యడమే.

చెయ్యడానికి మాత్రం చుక్కలు కనిపించాయి. ఆ మౌసు నా మాట వినేది కాదు. ఇటు జరిపితే బాణం అటెక్కడో గోడ దూకేది. కత్తెరతో వెంట్రుకవాసి తేడా రాకుండా మెడ గుండ్రం తిప్పగలిగిన చెయ్యి, ఒక చిన్న బొమ్మ మీద బాణం నిలబెట్టలేక చెమటలు కక్కింది. నేను అంచు మీద పెట్టి నొక్కుతానా, "మీరు నిజంగా దీన్ని చెరిపేయాలనుకుంటున్నారా?" అని తెర అడిగేది. "ఎవరనుకున్నారమ్మా?" అని నేను పైకే అనేదాన్ని. కుట్టుమిషన్ల దగ్గరి ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు.

ఇంట్లో సాధన మొదలుపెట్టాను. స్నానాల గదిలోంచి కొత్త సబ్బు తెచ్చి, భోజనాల బల్ల మీద దాన్ని మౌసులా పట్టుకుని, పళ్ళెం అంచు చుట్టూ తిప్పేదాన్ని. మా ఆయన ముప్ఫయ్యేళ్ళు బస్సు నడిపిన మనిషి. పేపరు దించి చూశాడు.

"పళ్ళేనికి స్నానం చేయిస్తున్నావా?"

"మీ పని మీరు చూసుకోండి."

ఇంకాసేపు చూసి లేచొచ్చాడు. "అలా బిగబట్టకు. కొత్త డ్రైవర్లు స్టీరింగు పట్టుకుని ఇలాగే వేలాడతారు. చెయ్యి ఊరికే ఆన్చు. చూపు చేతి మీద కాదు, రోడ్డు మీద ఉండాలి."

చూపు తెర మీద, చెయ్యి దాని మానాన అది. మర్నాడు అలాగే చేశాను. బాణం దారికొచ్చింది. ఆ మాట మా ఆయనకు చెప్పలేదు. చెబితే ఇక ఆ నెలంతా ఆయన్ని పట్టలేము.

ఒక పద్ధతి కూడా పెట్టుకున్నాను. ఒక అట్టముక్క మీద, ముందు ఏది నొక్కాలి, తర్వాత ఏది నొక్కాలి అని పెన్సిలుతో రాసుకుని తెర పక్కన నిలబెట్టాను. ఎడమ పక్క మూడో బొమ్మ, దాని కింద కత్తెర, ఇలాగ. వారంలో అది కొట్టినపిండి అయింది. సోమవారం వచ్చి తెర తెరిస్తే ఎడమ పక్కన ఏ బొమ్మా లేదు. అన్నీ పైకెక్కి కూర్చున్నాయి, రంగులతో సహా మారిపోయి.

"అప్‌డేట్ అయిందమ్మగారూ. కొత్త వెర్షన్," అన్నాడు నేర్పేవాడు.

"ఎవర్నడిగి అయింది?"

నేను రావడానికి ముందే నా కత్తెర పిడి మార్చుకుని కూర్చున్న రోజు ఈ ముప్ఫయ్యెనిమిదేళ్ళలో ఒక్కటీ లేదు. ఏడుపొచ్చింది. దారాల బల్ల దగ్గరి కుర్చీ వైపు చూశాను, ఏడుపు పోయింది. రబ్బరుతో అట్టముక్క మీదిదంతా తుడిచేసి మళ్ళీ మొదట్నుంచి రాసుకున్నాను.

అలా రెండు వారాల్లో నర్సు కోటు ఐదు సైజులు, సైజుకు తొమ్మిది ముక్కల చొప్పున నలభై అయిదు అట్టలు నా చేత్తో ఎక్కించాను. ఆఖరి ముక్క గీత కలిసినప్పుడు నాకు నేనే చప్పట్లు కొట్టుకోవాలనిపించింది. కొట్టుకోలేదు కానీ ఆ పూట రెండు కప్పుల కాఫీ తాగాను.

ప్రింటరు కాగితం మీద గీసిచ్చింది. గుడ్డ కోసింది మా కత్తెరన్నయ్య. నాకంటే మూడేళ్ళు పెద్ద. నేను చేరిన ఏడాదే ఆయనా చేరాడు. నేను అట్ట చెయ్యడం, ఆయన కొయ్యడం, ఎప్పుడూ అదే జంట. చేతిలో ఇప్పుడు కరెంటుతో నడిచే కత్తి ఉన్నా చొక్కా జేబులో సుద్దముక్క లేకుండా ఉండడు.

బుధవారం ఆస్పత్రి నుంచి హెడ్‌నర్సు వచ్చింది. మంచి పుష్టిగల మనిషి, నవ్వుముఖం. మా పాత కోట్లు పన్నెండేళ్ళుగా తొడుక్కుంటోంది. తన సైజు శాంపిలు తొడుక్కుని, బొత్తాములు పెట్టుకుని, పై అరలోంచి మందుసీసా తీస్తున్నట్టు చెయ్యి పైకెత్తింది. వీపు దగ్గర గుడ్డ బిగుసుకుంది. రొమ్ము మీద బొత్తాముల మధ్య సందులు తెరుచుకున్నాయి.

"ఇది నా సైజేనా?" అంది.

యజమానురాలు టేపు తెచ్చి ఛాతీ చుట్టూ కొలిచింది. ఉండాల్సిన దానికంటే ఒకటిన్నర సెంటీమీటరు తక్కువ. ఇంకో సైజు తీసి చూశారు. అదీ అంతే. ఐదు సైజులూ అంతే.

"నా అట్టలు సరిగ్గానే ఉన్నాయి. పన్నెండేళ్ళుగా వాటితోనే కోస్తున్నాం. ఈ యంత్రమే తినేసింది," అన్నాను, అందరూ వినేలా. నేర్పేవాడు మెల్లగా, "యంత్రం తినదమ్మగారూ. మీరు నొక్కినచోటే గీత పడుతుంది," అన్నాడు. "అంటే నాకు కళ్ళు కనబడవంటారా? కొలతలు తెలియని వస్తువును తెచ్చి మా నెత్తిన రుద్దారు!" అని అరిచాను. కార్ఖానాలో మిషన్లన్నీ ఆగిపోయాయి. ఆయన మొహం మాడిపోయింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు.

"శుక్రవారం పదింటికి మళ్ళీ వస్తాను. అప్పటికీ కుదరకపోతే వేరేచోట చూసుకోమన్నారు మావాళ్ళు," అని హెడ్‌నర్సు వెళ్ళిపోయింది. యజమానురాలు ఫోను తీసి యంత్రం అమ్మినవాళ్ళను చెడామడా తిట్టింది. ఆ పిల్ల నా మాటే నమ్మింది.

గురువారం పొద్దున్నే వచ్చి అట్టను కొలిచాను. తెర మీది గీతను కొలిచాను. రెండూ ఒక్కటే. కాగితాన్ని కొలిచాను. అదీ అంతే. కోసిన గుడ్డను కొలిచాను. అది కూడా కాగితంతో సమానం. మరి ఒకటిన్నర సెంటీమీటరు ఏ గాలికి కొట్టుకుపోయినట్టు? తల వాచిపోయింది. కటింగు బల్ల అంచున చతికిలబడ్డాను.

కత్తెరన్నయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆయనకు ఓదార్చడం చేతకాదు. జేబులోంచి సుద్దముక్క తీసి చేతిలో తిప్పుతూ, "చూశావా చెల్లెమ్మా, రెండ్రోజులకోటి అరిగిపోయేది. ఈ కోట్ల పని మొదలయ్యాక ఇది అరగనే లేదు. కొన్నది కొన్నట్టే ఉంది," అన్నాడు.

"కాగితం మీద గీత ఉంటే సుద్దెందుకు?" అన్నాను విసుగ్గా.

"అదేగా. గీత మీదే కొయ్యమన్నాడు ఆ నేర్పేవాయన. గీత మీదే కోశాను. ఇన్నేళ్ళూ గీత బయట కోసిన చెయ్యి, అలవాటు పడడానికి..."

ఆయన ఇంకా ఏదో అంటున్నాడు. నాకు వినబడలేదు.

గీత బయట!

మాకు పని నేర్పిన పెద్దావిడ మొదటి రోజే చెప్పిన మాట అది. అట్టను గుడ్డ మీద పెట్టి చుట్టూ సుద్దతో గీస్తాం. గీత అట్టకు బయట పడుతుంది. కత్తెర ఆ గీతకు కూడా బయటే నడవాలి. సుద్ద గీత కోసిన ముక్కతోనే ఉండిపోవాలి. అందుకని అట్టను కోసేటప్పుడే చుట్టూ ఒక సుద్ద మందం తగ్గించి కోస్తాం. అట్ట చిన్నది, గీత కలిస్తే సరిపోతుంది. మొద్దుబారిన సుద్ద రెండు మిల్లీమీటర్ల మందం గీస్తుంది. కోటుకు వీపు రెండు ముక్కలు, ముందు రెండు ముక్కలు. ముక్కకు రెండంచులు, మొత్తం ఎనిమిది. ఎనిమిది రెళ్ళు పదహారు.

పదహారు మిల్లీమీటర్లు. ఒకటిన్నర సెంటీమీటరు పైచిలుకు.

యంత్రం నేను నొక్కిన చోటే గీసింది. దాని గీతకు మందం లేదు. దాదాపు నలభై ఏళ్ళుగా నా చేతికి తెలిసిన విషయం, నాకు తెలుసన్న సంగతే మర్చిపోయేంతగా అలవాటైపోయిన విషయం, నేను దానికి చెప్పనే లేదు. పప్పులో కాలేసింది నేను. అరిచింది ఆ మంచి మనిషి మీద.

ఉన్న మాట చెప్పుకోవాలి. మొదట నాకు వచ్చిన ఆలోచన, ఎవరికీ చెప్పకుండా దిద్దేద్దామని. తెర ముందు కూర్చుంటే ఏం చేస్తున్నానో ఎవరికి తెలుస్తుంది? శుక్రవారం కోటు సరిపోతుంది, యంత్రం బుద్ధి తెచ్చుకుందని అందరూ అనుకుంటారు, నా పరువు నాకుంటుంది. కత్తెరన్నయ్య ప్రాణం పోయినా బయటపెట్టడు. లేచి తెర దాకా వెళ్ళాను కూడా.

అక్కడ నేర్పేవాడు ఒంటరిగా కూర్చుని నా నలభై అయిదు ముక్కల్నీ ఒక్కొక్కటే తెరిచి, తన తప్పెక్కడుందో వెతుక్కుంటున్నాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. నాకు సిగ్గేసింది. ముప్ఫయ్యెనిమిదేళ్ళలో నా పని వల్ల ఇంకొకర్ని మాటపడనివ్వలేదు నేను. కుట్టేవాళ్ళు అట్ట బాగోలేదంటే నేనే వెళ్ళి "తప్పు నాదే, ఇటివ్వండి" అనేదాన్ని. మాస్టరమ్మ అన్న పిలుపు వచ్చింది దానికే.

యజమానురాలిని పిలిచాను. మిషన్లు ఆపమన్నాను. నిన్న అందరూ వినేలా అరిచాను కనక ఇవాళా అందరూ వినాలి.

"నిన్న ఈయన్ని అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. యంత్రం తప్పు కాదు, ఈయన తప్పూ కాదు. తప్పు నాది," అని సుద్ద గీత సంగతి చెప్పాను.

నేర్పేవాడు కళ్ళజోడు పెట్టుకుని, సుద్దముక్క అడిగి తీసుకుని, ఒక పేలిక మీద గీసి, స్కేలు పెట్టి చూశాడు. "రెండు మిల్లీమీటర్లు," అన్నాడు. ఆయన మొహంలో నాకు కోపం కనబడలేదు. పిల్లవాడికి కొత్త ఆటవస్తువు దొరికినట్టుంది.

"అయితే అయిదు నిమిషాల పనమ్మగారూ. ఒక్క బటను నొక్కితే అన్ని ముక్కలకీ చుట్టూ రెండేసి మిల్లీమీటర్లు పెరిగిపోతాయి," అని బాణాన్ని అటు పోనిచ్చాడు.

"ఆగండి," అన్నాను. "చుట్టూ పెంచితే మళ్ళీ పాడవుతుంది. ముందువైపు బొత్తాముల పట్టీని గుడ్డ మడత మీద పెట్టి కోస్తాం. మడత వైపు సుద్ద గియ్యం, అక్కడ పెంచకూడదు. కాలరుకు సుద్ద మిగిలితే తెల్లగుడ్డ మాసినట్టు కనిపిస్తుంది. అందుకని దాన్ని గీతకు లోపలే కోస్తాం. కాలరు అట్ట అసలు తగ్గించలేదు. జేబు మూతా అంతే."

ఆయన బాణం అక్కడే ఆగిపోయింది. "ఇవన్నీ ఎక్కడైనా రాసి ఉన్నాయా?"

"లేదు."

"మరి బయట ఆఫీసువాళ్ళు ఎక్కించి ఉంటే?"

యజమానురాలి వైపు చూశాను. ఆ పిల్ల గోడ మీది అట్టల్ని చూస్తోంది.

"లేవండి," అన్నాను ఆయనతో. తెర ముందు నేను కూర్చున్నాను. నలభై అయిదు ముక్కలు, అంచు తర్వాత అంచు. ఇది పెరగాలి, ఇది వద్దు, ఇది పెరగాలి. కత్తెరన్నయ్య పక్కన నిలబడి, గోడ మీంచి ఒక్కో అట్టా దించి, ఏ వైపు గీసేవాడో వేలితో చూపించాడు. రెండుసార్లు ఆయనా నేనూ పోట్లాడుకున్నాం, రెండుసార్లూ నేనే నెగ్గాను. ఒక్కసారి కూడా నేర్పేవాణ్ణి ఏ బొమ్మ ఎక్కడుందని అడగలేదు. సాయంత్రానికి అయిపోయింది. చేసిందంతా మళ్ళీ వాడుకునేలా దాచాలంటే పేరు పెట్టాలన్నాడు. ఒక్క వేలితో, అక్షరం వెతుక్కుంటూ కొట్టాను: సుద్ద గీత.

శుక్రవారం పదింటికి హెడ్‌నర్సు కోటు తొడుక్కుంది. బొత్తాములు పెట్టుకుంది. చెయ్యి పైకెత్తింది. రెండు చేతులూ ఎత్తింది. వంగి నేల మీంచి ఏదో తీసినట్టు చేసింది. తర్వాత నవ్వి, "ఇది మా పాత కోటే కదా! కంప్యూటరన్నారు, భయపడ్డాను," అంది.

"కంప్యూటరుదేనండి. దాంతో చేసింది మా మాస్టరు," అంది యజమానురాలు, నన్ను చూపించి. మాస్టరమ్మ అనలేదు, పిన్నీ అనలేదు. నా గుండె నిండిపోయింది. దాచుకోవడం నాకు చేతకాలేదు, దాచుకోవాలని కూడా అనిపించలేదు. కుట్టేవాళ్ళంతా చూస్తుండగా కళ్ళు తుడుచుకున్నాను.

హెడ్‌నర్సు వెళ్ళాక యజమానురాలు నా దగ్గరికొచ్చి, "పిన్నీ, ఆ కుర్చీ షాపువాళ్ళకి తిరిగిచ్చేస్తాను. నా మీద కోపం పెట్టుకోకు," అంది.

పొద్దుటి నుంచి నడుము లాగేస్తోంది. నిన్నంతా స్టూలు మీద కూర్చుని నలభై అయిదు ముక్కలు దిద్దిన నడుము అది.

"ఇచ్చెయ్యడమెందుకు? మంచి కుర్చీ. దాన్నిటు తోసుకురా," అని కంప్యూటరు ముందు చోటు చూపించాను.

తనే తోసుకొచ్చింది. కూర్చున్నాను. గోడ మీద ఇంకా నూట అరవై ఏడు అట్టలున్నాయి.